ఆకులు రాలే కాలంలో బొటానికల్ గార్డెన్‌కు

మార్చి మొదటి వారంలో పిల్లల్ని బొటానికల్ గార్డెన్‌కు తీసుకెళ్తానంటే మా స్టాఫ్‌రూమ్‌లో ఒక్కరూ మెచ్చుకోలేదు. "ఎండు కొమ్మలు చూపించడానికి బస్సు ఖర్చు దేనికి టీచర్, వానలు పడ్డాక వెళ్లండి" అన్నారు లెక్కల సారు. ఆయన మాట కొట్టిపారేసేది కాదు. పాలమూరు ఎండల సంగతి ఎవరూ ఎవరికీ చెప్పనక్కర లేదు. అయితే వానలు పడేసరికి మా తొమ్మిదో తరగతి పిల్లలు పదిలోకి వచ్చేస్తారు. ఆ పైన ప్రత్యేక తరగతులు, పరీక్షలు తప్ప వాళ్లను గేటు దాటనివ్వరు. అదీగాక మన ప్రాంతపు అడవి చెట్లను ఆకులు లేనప్పుడు పిల్లలకు చూపించాలని నాకు చాలాకాలంగా ఉంది. పాఠ్యపుస్తకంలో బొమ్మ ఎప్పుడూ పచ్చగానే ఉంటుంది. మన చెట్టు ఏడాదిలో చాలా రోజులు అలా ఉండదు.

మాది కల్వకుర్తి వైపు ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల. నేను చెప్పేది జీవశాస్త్రం. మేం వెళ్లింది జడ్చర్లలోని డాక్టర్ బూర్గుల రామకృష్ణారావు ప్రభుత్వ డిగ్రీ కళాశాలకు. 1952 నుంచి 1956 వరకు హైదరాబాద్ రాష్ట్రానికి ముఖ్యమంత్రిగా ఉన్న బూర్గుల ఉమ్మడి పాలమూరు జిల్లా మనిషే. ఆ కళాశాల ఆవరణలో వృక్షశాస్త్ర అధ్యాపకులు, విద్యార్థులు కలిసి పెంచినదే తెలంగాణ బొటానికల్ గార్డెన్. హైదరాబాద్, కర్నూలు మధ్య జాతీయ రహదారి మీద తిరిగే వాళ్లలో చాలామందికి జడ్చర్ల అంటే చౌరస్తా, బస్సు ఆగే చోటు. అక్కడ ఇలాంటిది ఒకటి ఉందని మా ఊళ్లో నేను చెబితే నమ్మని వాళ్లు కూడా ఉన్నారు.

అనుమతుల సంగతి క్లుప్తంగా చెప్పేస్తాను. కళాశాల ప్రిన్సిపాల్‌కు మా ప్రధానోపాధ్యాయుల సంతకంతో ఉత్తరం రాయాలి. తల్లిదండ్రుల అంగీకార పత్రాలు తీసుకోవాలి. ఆర్టీసీ బస్సు మాట్లాడుకోవాలి, దానికి డబ్బు పోగు చేయాలి. ఇవన్నీ ఏ విహారయాత్రకైనా ఉండేవే. తప్పక చేయాల్సిన పని మాత్రం ఒకటుంది. తీసుకెళ్లే టీచరు ముందుగా ఒంటరిగా వెళ్లి చూసి రావాలి. నేను వెళ్లి, ఏ చెట్టు దగ్గర ఎంతసేపు ఆగాలో రాసుకున్నాను. వచ్చాక ఒక్కొక్కరికి ఒక్కో ప్రశ్న తయారుచేశాను. అందరికీ ఒకే ప్రశ్న ఇస్తే ఒకరు రాస్తారు, మిగతావాళ్లు చూసి దించుతారు. "నీ చెట్టు బెరడు తాకితే ఎలా ఉంది?", "ఆకు ఈనెలు ఎక్కడ మొదలవుతున్నాయి?", "చెట్టు కింద నేల మీద ఏం రాలి ఉంది?" అని అడిగితే ఎవరి చెట్టు దగ్గరికి వాళ్లు పోక తప్పదు.

బస్సు దిగగానే పిల్లల ముఖాలు చిన్నబోయాయి. వాళ్లు పార్కు అనుకుని వచ్చారు. "పూలేవి టీచర్?" అంది ఒక అమ్మాయి. ఫౌంటెన్ లేదు, ఊయల లేదు, సెల్ఫీ దిగడానికి ప్రేమ గుర్తు లేదు. తప్పు పిల్లలది కాదు. పచ్చిక పరిచి, నాలుగు అలంకరణ తాటిచెట్లు నాటి, బొటానికల్ గార్డెన్ అని బోర్డు పెట్టేసిన ఊళ్లు మనకు తక్కువేమీ కాదు. అలాంటి ఒక తోటలో చెట్లకు పలకలే లేకపోవడం, ఒకచోట కానుగకు వేప పలక తగిలించి ఉండటం నేను చూశాను.

పార్కుకూ బొటానికల్ గార్డెన్‌కూ తేడా పూలలో లేదు, లెక్కలో ఉంది. ఈ మొక్క ఏది, ఎక్కడి అడవి నుంచి వచ్చింది, ఎవరు తెచ్చారు, ఎప్పుడు నాటారు అన్న వివరాలు ఉంటేనే అది సేకరణ అవుతుంది. పెద్ద ఉద్యానాల్లో ప్రతి మొక్కకూ రిజిస్టరు నంబరు ఉంటుంది. మొక్క చచ్చిపోయినా ఆ నంబరు ఇంకో మొక్కకు ఇవ్వరు. ఇటలీలోని పాడువాలో 1545లో విశ్వవిద్యాలయం కోసం మొదలైన తోట నుంచి హైదరాబాద్ కొత్తగూడలో 274 ఎకరాల్లో ఉన్న తోట దాకా అన్నిటికీ అసలు పని ఇదే. నడకకు వచ్చేవాళ్లు, ఫొటోలు దిగేవాళ్లు ఆ తర్వాతి సంగతి.

అందుకని మొదటి అరగంట చెట్లు చూడనివ్వలేదు, పలకలు చదివించాను. శాస్త్రీయ నామంలో మొదటి మాట ప్రజాతి, రెండోది జాతి, కింద కుటుంబం, ఆపైన తెలుగు పేరు. ఇంతవరకు పాఠంలో ఉన్నదే. చివర ఉండే పొట్టి మాట ఏమిటని ఒకడు అడిగాడు. ఆ మొక్కకు శాస్త్రీయంగా పేరు పెట్టిన మనిషి పేరును అలా కుదించి రాస్తారు. మన చెట్ల పలకల మీద తరచుగా కనిపించే 'రాక్స్‌బ్' అంటే విలియం రాక్స్‌బర్గ్. ఆయన ఈస్టిండియా కంపెనీ వైద్యుడు. సామర్లకోటలో ఉండి మన మొక్కల్ని పరిశీలించి, తెలుగు దేశపు చిత్రకారుల చేత వాటి బొమ్మలు వేయించాడు. 1793లో కలకత్తా బొటానికల్ గార్డెన్‌కు అధిపతిగా వెళ్లాడు. పిల్లలు వెంటనే రాక్స్‌బర్గ్ చెట్లు లెక్కపెట్టే పోటీ మొదలుపెట్టారు. నేను అనుకున్న ప్రశ్నల్లో అది లేదు కానీ పలకలు చదవడానికి అంతకంటే మంచి సాకు దొరకదని ఊరుకున్నాను.

ఫోను తెచ్చిన పెద్దవాళ్లకు ఒక్క మాట. ముందు పలకను ఫొటో తీయండి, ఆ తర్వాత చెట్టును, బెరడును, ఆకును తీయండి. ఇంటికి వెళ్లాక ఏ ఫొటో ఏ చెట్టుదో తేల్చుకునే తలనొప్పి ఉండదు.

ఆ తర్వాత చెట్ల దగ్గరికి వెళ్లాం. మొదట నారేప. మహబూబ్‌నగర్ జిల్లా అడవుల్లో ఇది సొంత చెట్టు. ఒక ఆకుకు రెండే రెండు ఆకుదళాలు, మొదట్లో అతుక్కుని రెక్కలు విప్పిన సీతాకోకచిలుకలా ఉంటాయి. మన దేశంలో అత్యంత బరువైన కలపల్లో దీనిది ఒకటి, నీళ్లలో వేస్తే మునుగుతుంది. బెరడు నుంచి నార తీస్తారు, కొమ్మలు నరికి పశువులకు మేత వేస్తారు. చిన్న మొక్కగా ఉన్నప్పుడే దీని తల్లివేరు లోతుకు దిగిపోతుంది. పైన జానెడు మొక్క కనిపిస్తుంటే కింద వేరు దానికి ఎన్నో రెట్లు ఉంటుంది. రాళ్లు తేలిన ఎర్ర చల్క నేలల్లో ఇది ఎలా బతుకుతుందో దీన్నిబట్టి అర్థమవుతుంది. మాకు చెట్లు చూపించిన అధ్యాపకుడు ఈ మాట చెబుతుంటే వెనక నుంచి ఒక కుర్రవాడు "మా పొలం గట్టు మీద ఉన్నది ఇదే సార్, మేకలకు రోజూ నేనే కొడతాను" అన్నాడు. దాంతో మిగతావాళ్లందరికీ తమ ఊరి చెట్లు గుర్తుకొచ్చాయి. ఆ గోల ఆపడానికి నాకు కొంత సమయం పట్టింది.

నేను ఆ కాలంలో ఎందుకు వచ్చానో తపసి చెట్టు దగ్గర తెలిసింది. ఆకు ఒక్కటీ లేదు. తెల్లగా నున్నగా ఉన్న మాను, దాని మీద పలుచని కాగితం పొరల్లా ఊడుతున్న బెరడు. ఒక పొర కొసను గోరుతో కొంచెం ఎత్తి చూపించారు అధ్యాపకుడు. కింద లేత ఆకుపచ్చ ఉంది. ఆకులు రాల్చేసిన చెట్టు బెరడులోని పత్రహరితంతో కాస్త పని నడుపుకుంటుందన్నమాట. కిరణజన్య సంయోగక్రియ ఆకుల్లో జరుగుతుంది అని మూడేళ్లుగా బట్టీపట్టిన పిల్లలు నా వైపు చూశారు. ఎక్కువ భాగం ఆకుల్లోనే, కానీ ఆకుల్లో మాత్రమే కాదు అని చెప్పాను. పాఠం చెప్పేటప్పుడు నేను ఈ చెట్టును చూపించగలిగితే ఆ రెండో మాట విడిగా చెప్పాల్సిన పని ఉండేది కాదు.

తపసి బంక సంగతి నల్లమల అంచున ఉన్న ఊళ్లకు కొత్త కాదు. మానుకు గాటు పెడితే కారే బంకను చెంచులు సేకరించి గిరిజన సహకార సంస్థకు అమ్ముతారు. నీళ్లలో వేస్తే కరగకుండా ఉబ్బుతుంది. మందుల్లో, ఆహార పదార్థాల్లో వాడతారు. ఆశకొద్దీ లోతుగా, చుట్టూ గాట్లు పెడితే చెట్టు చచ్చిపోతుంది. అలా చాలా చోట్ల ఇది పలచబడింది. దీని కాయల మీద నూగు ఉంటుంది, ముట్టుకుంటే మంట, దురద. "ముట్టుకోవద్దు" అని చెప్పిన తర్వాత ముట్టుకున్నవాళ్లు ఇద్దరు.

పూలేవని అడిగిన అమ్మాయికి జవాబు కొండగోగు ఇచ్చింది. దాని మీదా ఆకులు లేవు. కానీ కొమ్మల చివర అరచేయంత పసుపుపచ్చ పూలు. ఆకులు రాల్చేశాక పూయడంలో ఉన్న తెలివి పిల్లల చేతే చెప్పించాను. నీళ్లు లేని కాలంలో ఆకులుంటే ఉన్న తడి ఆవిరైపోతుంది. ఆకులు అడ్డం లేకపోతే పువ్వు తేనెటీగకు దూరం నుంచే కనిపిస్తుంది. మోదుగ చేసేదీ ఇదే. ఇంతలో నల్లని పెద్ద తుమ్మెద ఒకటి వచ్చి ఒక పువ్వు నడుమ కేసరాలను పట్టుకుని గట్టిగా ఝుమ్మని అదిరింది. ఆ కేసరాలు నిలువునా చీలవు, కొసన చిన్న రంధ్రం మాత్రమే ఉంటుంది. తుమ్మెద అలా అదిరిస్తే పుప్పొడి ఆ రంధ్రంలోంచి రాలుతుంది. టమాటా పువ్వులోనూ పుప్పొడి ఇలాగే బయటికొస్తుంది. ఈ ఒక్కటి చూడటానికి బస్సు ఖర్చు దండగ కాదని అప్పుడే అనుకున్నాను.

చిల్ల, ముష్టి దగ్గర ఎక్కువసేపు ఆగాం. చిల్లగింజను కుండ లోపలి గోడకు రుద్దితే బురద నీళ్లలోని మట్టి అడుగుకు చేరి నీరు తేరుకుంటుంది. మా అమ్మమ్మ తరం వాళ్లు చెరువు నీళ్లు తాగింది అలాగే. ముష్టి గింజలో స్ట్రిక్నిన్ అనే విషం ఉంటుంది. అది నరాల మీద పనిచేసి కండరాలు బిగుసుకుపోయేలా చేస్తుంది, ప్రాణం తీస్తుంది. ఈ రెండూ ఒకే ప్రజాతి చెట్లు, వరుసకు అన్నదమ్ములు. పలకలు కప్పి, రెండింటి ఆకులు పక్కపక్కన చూసి పోలిక చెప్పమన్నాను. ఆకు మొదలు నుంచి మూడో ఐదో ఈనెలు ఒకేసారి బయల్దేరి కొస వైపు సాగుతాయి. అది పట్టుకోవడానికి పిల్లలకు ఎక్కువసేపు పట్టలేదు. వర్గీకరణ పాఠం మొత్తానికి అదే అసలు పరీక్ష. ఒకటి మంచిది, ఒకటి చెడ్డది అన్నది మన అవసరాల లెక్క. చెట్ల బంధుత్వాల లెక్క వేరు.

కుండీల వరుసలో పిల్లలు పకపక నవ్వారు. ఒక కుండీలో మట్టి తప్ప ఏమీ లేదు, పలక మాత్రం ఉంది. "టీచర్, మట్టికి కూడా పేరు పెట్టారు" అన్నారు. ఆ పలక అడవినాభిది. దాని దుంప మట్టి కింద నిద్రలో ఉంది. తొలకరి తర్వాత తీగ లేస్తుంది, ఆకు కొస సన్నగా చుట్టుకుని పక్క మొక్కను పట్టుకుని పైకి పాకుతుంది, వానాకాలంలో ఎర్రగా పసుపుగా మంటలాంటి పూలు పూస్తుంది. దుంపలో, గింజల్లో ఉండే కాల్చిసిన్ అనే పదార్థం వల్ల ఇది మందూ, విషమూ రెండూ. మన అడవుల్లో ఇలా దుంపగానో గడ్డగానో ఎండాకాలం గడిపే మొక్కలు చాలా ఉన్నాయి. అరుదైనవి కొన్ని అందులోనే ఉన్నాయి. వాటిని కాపాడటమంటే సగం ఏడాది ఖాళీ కుండీని కాపాడటమే. తెలియనివాళ్లు ఎవరైనా ఆ మట్టిని పారబోసి గులాబీ నాటితే చాలు, సేకరణలో ఒక జాతి పోయినట్టే.

జమ్మి, తంగేడు దగ్గర ఎక్కువ చెప్పాల్సిన పని పడలేదు. ఒకటి రాష్ట్ర వృక్షం, ఒకటి రాష్ట్ర పుష్పం. దసరాకు జమ్మి ఆకు, బతుకమ్మకు తంగేడు పువ్వు కోసినవాళ్లే అందరూ. జమ్మికీ సర్కారు తుమ్మకూ ఆకుల్లో పోలిక ఉందని, సర్కారు తుమ్మ దక్షిణ అమెరికా వైపు నుంచి వచ్చి మన బీళ్లను ఆక్రమించిందని మాత్రం చెప్పాను.

మధ్యాహ్నం అక్కడే నీడలో సద్దులు విప్పి తిని, అధ్యాపకులకు కృతజ్ఞతలు చెప్పి మహబూబ్‌నగర్ వైపు బయల్దేరాం. పాలమూరు దాకా వచ్చి పిల్లలమర్రి చూడకుండా వెనక్కు పోతే ఇంటి దగ్గర పిల్లలకు మాటలు తప్పవు.

ఏడు వందల ఏళ్ల చెట్టని చెప్పుకునే ఆ మర్రి మూడెకరాలకు పైగా పరుచుకుని ఉంటుంది. 2017 డిసెంబరులో దాని పెద్ద కొమ్మ ఒకటి విరిగిపడింది. చెదలు లోపల తినేశాయి. 2018లో క్లోరోపైరిఫాస్ అనే పురుగుమందును నీళ్లలో కలిపి సెలైన్ సీసాల్లో పోసి, కొమ్మలకు వేలాడదీసి, రంధ్రాల్లోంచి చుక్క చుక్కగా ఎక్కించారు. విరిగే కొమ్మలకు స్తంభాలు ఆనించారు. చెట్టుకు సెలైన్ పెట్టారనగానే మా పిల్లలకు అంతవరకు ఉన్న అలసట ఎగిరిపోయింది. "ఏ చేతికి సూది గుచ్చారు టీచర్?" అని ఒకటే నవ్వు.

నేను వాళ్లకిచ్చిన పని, అసలు మాను ఏదో కనిపెట్టడం. కంచె ఇవతలి నుంచి చూస్తూ ఎవరికి తోచింది వాళ్లు చూపించారు, గట్టిగా వాదించుకున్నారు. మర్రి ఊడలు నేలను తాకి మాన్లయ్యాక మొదటి మానుతో చెట్టుకు పెద్ద పని ఉండదు. కలకత్తా బొటానికల్ గార్డెన్‌లోని మహా మర్రికి బూజు తెగులు సోకితే 1925లో అసలు మానును తీసేశారు. చెట్టు ఇప్పటికీ ఊడల మీదే నిలబడి ఉంది. కదిరి దగ్గరి తిమ్మమ్మ మర్రిమాను కూడా ఊడల సంసారమే. పొద్దున చూసిన తోటలో ఎన్నో జాతుల చెట్లు తలా కొంచెం చోటులో ఉన్నాయి. ఇక్కడ ఒక్క చెట్టే తోటంత ఉంది. రెండూ ఒకేరోజు చూడటం మంచిదైంది కానీ, వరుస మార్చి పిల్లలమర్రికి ముందు వెళ్లి ఉంటే జడ్చర్లలో చిన్న చెట్లను ఎవరూ పట్టించుకునేవారు కాదు.

ఆగస్టులో ఒక పూట సెలవు పెట్టి నేనొక్కదాన్నే మళ్లీ జడ్చర్ల వెళ్లాను. మార్చిలో చూసిన తోటేనా అనిపించింది. తపసికి పెద్ద పెద్ద ఆకులొచ్చి మాను తెలుపు సగం దాగిపోయింది. కొండగోగు ఆకుల్లో పడి ఎవరూ గుర్తుపట్టలేనట్టు ఉంది. పిల్లలు నవ్విన కుండీలో అడవినాభి తీగ లేచి పక్కన పాతిన కర్రను ఆకు కొసలతో చుట్టేసింది, రెండు పూలు కూడా విచ్చాయి. ఫొటోలు తీసి తెచ్చి చూపిస్తే, పదో తరగతి ఒత్తిడిలో ఉన్న పిల్లలు కూడా కాసేపు చుట్టూ మూగారు. అంటే ఏ ఒక్క కాలంలో వెళ్లినా సగమే చూసినట్టు. మీకు ఒక్కసారే వీలైతే మాత్రం నేను ఎండాకాలం ఆరంభమే ఎంచుకోమంటాను. పచ్చగా ఉన్నప్పుడు తెలియనివాళ్లకు అన్ని చెట్లూ ఒకటే. ఆకులు రాలాకే ఏ చెట్టుకు ఆ చెట్టు విడిగా కనిపిస్తుంది.

తోటలో ఆకు కోయకూడదన్నది షరతు, పిల్లలు పాటించారు. అందుకే హెర్బేరియం పని, అంటే మొక్కల్ని ఎండబెట్టి వివరాలతో భద్రపరిచే పని, ఊరి మొక్కలతో చేయించాను. కొమ్మను పువ్వుతో సహా పాత వార్తాపత్రికల మధ్య పరిచి, పైన బరువు పెట్టి, మొదటి వారం రోజూ కాగితాలు మార్చాలి. తంగేడు ఇట్టే ఎండుతుంది. జిల్లేడు లాంటి దళసరి ఆకులవి మాత్రం కాగితం మార్చడం మరిచారంటే నల్లబడి బూజు పడతాయి. ఎండినదాన్ని దళసరి అట్ట మీద కుట్టి, కింది కుడి మూలలో చీటీ అంటించాలి. పేరు, కుటుంబం, తేదీ, సేకరించిన వ్యక్తి, సేకరించిన స్థలం ఉండాలి. ఇంకొకరు వెతుక్కుంటూ వెళ్తే అదే మొక్క దొరికేంత స్పష్టంగా స్థలం రాయమని గట్టిగా చెప్పాను. చాలామంది ఊరి పేరు రాసి ఊరుకున్నారు. మేకలకు నారేప కొట్టే కుర్రవాడు మాత్రం ఇలా రాశాడు: "స్థలం: మా పొలం తూర్పు గట్టు, కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ నుంచి మూడో చెట్టు. కుక్క ఉంటుంది, పిలిచి రావాలి." వాడికి పూర్తి మార్కులు వేశాను.